తట్టి చూసే బ్రోకరు

క్లెమెంట్ వంటింటి గోడను ఇనుపకడ్డీతో మూడుసార్లు తట్టి, చెవి ఆనించాడు. ఎవాంజలిన్ ఊపిరి బిగబట్టింది. ఇల్లు అమ్మకానికి పెట్టిన పిల్లమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఇరవై ఆరేళ్లు బంగారు గనిలో పనిచేసిన అలవాటు అది. కిందికి దిగినవాళ్లు ముందు నెత్తిమీది బండను తట్టి వినేవాళ్లు. గట్టి బండ గంటలా మోగుతుంది, వదులు బండ బొదబొదమంటుంది. గనులు మూతపడ్డాక క్లెమెంట్ ఇళ్ల బ్రోకరయ్యాడు. కడ్డీని మాత్రం వదల్లేదు.

బడి నుంచి రిటైరై సొంతిల్లు కొనాలనుకున్నప్పుడు ఎవాంజలిన్ ఇద్దరు బ్రోకర్లను కలిసింది. ప్రిన్స్ ఏసీ గదిలో కూర్చోబెట్టి, అరగంటలో ఫోనులోనే ఆరు ఇళ్లు చూపించాడు. క్లెమెంట్ ఒక్కటీ చూపించలేదు. ఈ ఊరి కింద అంతా సొరంగాలేనని, తట్టి చూడందే ఏ ఇంటినీ మంచిదనలేనని, ఆదివారం ప్రార్థన అయ్యాక నడవగలిగితే రమ్మని అన్నాడు. ఆమె వెళ్లింది. దారిలో అతను చనిపోయిన భార్య వండే చేపల పులుసు గురించి చెప్పాడు. తాను పెళ్లెందుకు చేసుకోలేదో, అంతవరకూ ఎవరూ అడగని ఆ సంగతి, ఆమె చెప్పింది. అప్పటినుంచి ప్రతి ఆదివారమూ నడుస్తూనే ఉన్నారు.

ఆ వయసులో ఆడా మగా కలిసి నడవాలంటే ఆండర్సన్‌పేట ఊరికి ఏదో ఒక కారణం చూపాలి. ఇల్లు వెతకడం మర్యాదైన కారణం. ఒక గోడ బాగుందని అతని నోట వచ్చిందంటే ఇక నడవడానికి సాకు మిగలదు. ఆమె భయమంతా అదే.

"ఏమంటాది గోడ?" అని అడిగింది.

క్లెమెంట్ మళ్లీ తట్టాడు. ఈసారి ఆమెకూ వినిపించింది. గంటలా మోగింది.

"లోపల బోలుగా ఉండాది టీచరమ్మా," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"మా నాయన కట్టిన గోడప్పా అది. నీ చెవులే బోలు," అంది పిల్లమ్మ. ఆ తర్వాత ఎవాంజలిన్ వైపు తిరిగింది. "ఇంగ మీకు ఇల్లు యాడ దొరుకుతాదమ్మా? ఆ ప్రిన్స్ దగ్గరికి పోయుంటే వారంలో ఇప్పించేసుంటాడు."

"అందుకే పోలేదమ్మా."

పిల్లమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పొయ్యి వెలిగించి రెండు గ్లాసుల కాఫీ కలిపి ఇచ్చింది.

కాఫీ తాగి బయటికొచ్చి, బంగారం తీసేసిన గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల పక్కగా నింపాదిగా నడిచారు. వచ్చే ఆదివారం క్యాసంబళ్ళిలో ఒక ఇల్లు చూడాలని, బస్సెక్కాలని క్లెమెంట్ చెప్పాడు. అంత దూరమెందుకని ఆమె అడగలేదు. చిత్రాన్నం కట్టుకొస్తానంది.

నిజానికి ఆమె ఊరికి చెప్పకుండా ఒక ఇల్లు కొని అప్పటికే ఏడాదైంది. ఆ కాగితాల మీద సాక్షి సంతకం చేసింది క్లెమెంటే.