బెల్టు అక్కర్లేని ప్యాంటు

నాకు అన్నిటికంటే భయం మా ఆయన బెల్టు. జీన్స్ వదులు కాబట్టే బెల్టు పెడతాడు. బిగుతైతే పెట్టడు కదా అని, పొద్దున్నే ఆ జీన్స్‌ని మరిగే నీళ్ళలో వేసి కర్రతో అదుముతున్నాను.

పక్కింటి పిన్ని తొంగి చూసింది. "ప్యాంటు ఉడకబెడుతున్నావేంటే? ఇంట్లో కూరలు నిండుకున్నాయా?"

"నడుం దగ్గర రెండంగుళాలు తగ్గాలి పిన్నీ."

"టైలర్ కుట్టి ఇస్తాడుగా."

"వారం తిప్పుతాడు. నాకు ఈరోజే కావాలి."

పిన్ని నా చేతి మీది బెల్టు వాతలు చూసింది. నవ్వడం మానేసింది. "బాగా మరగనీ. ఎండలో ఆరేస్తే ఇంకా బిగుస్తుంది," అంది.

సాయంత్రం ఆయన తొడుక్కున్నాడు. "అరె, బాగానే పట్టిందే!"

బెల్టు మేకుకే ఉండిపోయింది. పాపని ఎత్తుకుని నిలబడ్డ నాకు నవ్వొచ్చింది.

"ఏంటా నవ్వు? నన్ను చూసేనా?"

"అబ్బే, కాదండీ..."

పిడికిలి దవడ మీద పడింది. పాప నా చంకలోంచి జారి గడప మీద పడింది.

ఇదివరకు బెల్టు విప్పడానికి ఆయనకి కాస్త టైం పట్టేది. ఆ చప్పుడు వినగానే పాపని లోపలి గదిలో పెట్టి గొళ్ళెం వేసేదాన్ని. ఆ కాస్త టైమూ నా చేతులతో నేనే ఉడకబెట్టేశాను.

ఆసుపత్రిలో దవడకి కట్టు కట్టారు, మాట్లాడలేను. అందుకే రాసిస్తున్నాను. పాప పై అంతస్తులో పిల్లల వార్డులో ఉందట. దగ్గర ఆయనే ఉన్నాడట. ఇది చదివినవాళ్ళు ఒక్కసారి పైకెళ్ళి నా పాపని చూసి రండి.