ముక్కూ మొహం తెలియనట్టు

"మీరిద్దరూ చివరిసారి ముద్దు పెట్టుకుంది ఎప్పుడు?"

కౌన్సెలర్ అడిగిన ప్రశ్నకి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకేసారి పైకప్పు వైపు చూశారు. అక్కడేమీ రాసిలేదు.

"ఆమధ్య పన్ను సలుపుతోందంటే టార్చి వేసి నోరంతా చూసింది. అది లెక్కలోకి వస్తుందా?" అన్నాడు మొగుడు. లిఫ్టుల కంపెనీలో ఇంజనీరు.

"రాదు. ముద్దుకి ఎవరూ అలా కేకలు పెట్టరు," అంది భార్య. పళ్ళ డాక్టరు.

కౌన్సెలర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. గొప్ప మాట చెప్పబోయే ముందు ఆవిడకది అలవాటు.

"మీకు ప్రేమ లేకపోవడం కాదమ్మా, రహస్యం లేకపోవడం. బాత్రూం తలుపు తీసిపెట్టుకుని కరెంటు బిల్లు గురించి మాట్లాడుకునేంత దగ్గరైపోయారు. చనువు మరీ ముదిరితే కోరిక కునుకు తీస్తుంది. మన లోపలి మనసు ఎప్పుడూ ఒక కొత్త మనిషిని వెతుక్కుంటూనే ఉంటుంది."

"ఇప్పుడేం చేయమంటారు?"

"శనివారం నాలుగింటికి స్టేషన్ పక్కనున్న కెఫేకి వెళ్ళండి. ఎవరికి వారు, వేరువేరుగా. ముక్కూ మొహం తెలియనివాళ్ళలా కలుసుకోండి. పేర్లు అడగొద్దు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి నాకు చెప్పండి."

శనివారం ఆమె కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది. తిట్టుకుంటూ బ్యాగు అందుకోబోతుంటే వినిపించింది.

"ఈ కుర్చీ ఎవరికైనా ఉంచారా?"

ఆమె తలెత్తి చూసింది. షరతు గుర్తొచ్చింది. నవ్వాపుకుంది.

"లేదు, కూర్చోండి."

"ఎవరి కోసమో చూస్తున్నట్టున్నారు?"

"మా ఆయన కోసం."

"వస్తాడా?"

"వచ్చినా గుర్తుపడతానో లేదో. మేం మొహాలు చూసుకుని చాలా కాలమైంది."

అతను పకపకా నవ్వాడు. ఆమెకి ఊపు వచ్చింది.

"ఇంతకీ మీరేం చేస్తుంటారు?" అన్నాడు.

"పాములు పడతాను."

అతను ఆమె చేతులకేసి తాపీగా చూశాడు. "ఇవి పాములు పట్టే చేతులు కావు. చాలా చిన్న జాగాలో, చాలా జాగ్రత్తగా పనిచేసే చేతులు."

ఆమె చెవులు వేడెక్కాయి. తన చేతుల్ని ఎవరైనా అలా చూసి ఎన్నాళ్ళయింది!

"మరి మీరు?"

"పాత గడియారాలు బాగుచేస్తాను."

"అబద్ధాలు కూడా బాగానే చెప్తారు."

"మీకంటేనా?"

రెండో కాఫీ వచ్చింది, మూడోదీ వచ్చింది. బయట చినుకులు మొదలయ్యాయి. ఒకే గొడుగులో బస్టాపు దాకా నడిచారు. గొడుగు పెద్దదే అయినా ఇద్దరికీ చాలనట్టే నడిచారు. చీకటి పడకముందే చెరో బస్సూ ఎక్కారు. ఆటంటే ఆటే.

సోమవారం ముందుగా ఆమె లోపలికెళ్ళింది. పెదాలకి కొత్త రంగు.

"మేడం, మీరు దేవత! ఇన్నేళ్ళుగా నాలో చచ్చిపోయిందనుకున్నది లేచి కూర్చుంది. వచ్చే శనివారం కూడా కలుద్దామన్నాడు. సరేనన్నాను."

కౌన్సెలర్ కళ్ళు చెమర్చాయి. వచ్చే సదస్సులో చదవబోయే వ్యాసం ఆవిడ కళ్ళ ముందు కదిలింది.

తర్వాత మొగుడి వంతు. దొంగలా వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"శభాష్!" అంటూ ఆవిడ లేచి మరీ చెయ్యి కలిపింది. "మీలో ఇంత రసికుడు దాక్కున్నాడని నేనూ అనుకోలేదండీ! మీ ఆవిడ గాల్లో తేలిపోతోంది."

అతను బిక్కమొహం వేసి అన్నాడు: "ఏమనుకోకండి మేడం, ఆ రోజు లిఫ్టులో జనం ఇరుక్కుపోయారంటే అటు పరిగెత్తి నేనసలు కెఫేకి వెళ్ళనే లేదు, ఎందుకు రాలేదని మా ఆవిడ ఇంతవరకూ అడగనూ లేదు."