సూది కింద ప్రార్థన

“ఈ అరబ్బీ పుస్తకం ఆసుపత్రిలో పెట్టారంటే బాగ్దాదులో సగంమంది గుడ్డివాళ్ళయి కూర్చుంటారు అయ్యగారూ!” వజీరు ముందు చేతులు తిప్పుతూ అన్నాడు కంటివైద్యుడు గివర్గీస్. “తప్పులు వెతుకుదామని ఇంటికి తీసుకెళ్ళి చూశాను. అన్నీ తప్పులే! గ్రీకు వైద్యం గ్రీకులోనే ఉండాలి. అరబ్బీ ఒంటెల బేరానికి పనికొస్తుంది గానీ కంటికి పనికొస్తుందా?”

పక్కనే కూర్చున్న ముసలి అనువాదకుడు సబ్రిషోకి ఒళ్ళు మండిపోయింది. దొరికిన గ్రీకు ప్రతులన్నీ సరిచూసి, ఏళ్ళ తరబడి కూర్చుని ఆ పుస్తకాన్ని అరబ్బీలోకి తెచ్చింది ఆయనే. ఆ పని ముగిసేసరికి రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మాయి.

“నా చేతిలో అసలు గ్రీకు పుస్తకం ఉంది,” అన్నాడు గివర్గీస్. “అది చూసి ఈ ముసలాడి కంటి పొర తీస్తాను. చూపొస్తే ఇతని అనువాదాన్ని నదిలో పారేయించండి.”

“బాగుంది. అలాగే కానీ,” అన్నాడు వజీరు.

వజీరు సరేనన్నాక కాదనేదెవరు? చూపొస్తే పుస్తకం పోతుంది. పుస్తకం దక్కాలంటే చీకట్లోనే బతకాలి.

నౌకర్లు తల కదలకుండా పట్టుకున్నారు. సూది కంట్లో దిగింది. సబ్రిషో పళ్ళు బిగబట్టాడు.

“పొర కిందికి దిగింది,” అన్నాడు గివర్గీస్. “ఇక ‘పరలోకమందున్న మా తండ్రీ’ మొదలుపెట్టు. ఆమెన్ అనేదాకా సూది తియ్యను.”

ఆ మాటకి సబ్రిషో చెవులు రిక్కించాడు. తర్వాత గొంతెత్తి, నౌకర్లు బిత్తరపోయేంత హుషారుగా ప్రార్థన చివరిదాకా చెప్పాడు.

కట్టు విప్పిన రోజు వజీరు మంచం దగ్గరికే వచ్చాడు.

“అయ్యగారూ, గడ్డానికి గోరింటాకు పెట్టారే!” అన్నాడు సబ్రిషో.

వజీరు పకపకా నవ్వాడు. గివర్గీస్ ఛాతీ విరుచుకున్నాడు. “చూశారా? గ్రీకు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. నా సొంతం ఒక్కటీ కలపలేదు.”

“ఆ ప్రార్థన కూడా అందులోదేనా నాయనా?” మెల్లిగా అడిగాడు సబ్రిషో.

“కాక! పొర మళ్ళీ పైకి లేవకుండా అంతసేపు నొక్కిపట్టాలని స్పష్టంగా రాసుంది. సువార్త మీద ఒట్టు! ఇక ఆ అరబ్బీ పుస్తకాన్ని నదిలోకి పంపించండి అయ్యగారూ.”

సబ్రిషో కొత్తగా చూపొచ్చిన కంటి వెంట నీళ్ళు కారేలా నవ్వాడు.

“పంపకండి అయ్యగారూ! ఆ గ్రీకు వైద్యుడు ‘కాసేపు పట్టుకో’ అని రాసి ఊరుకున్నాడు. ఎంతసేపో జనానికి తెలియాలని ఆ ప్రార్థన నా పుస్తకంలో రాసింది నేను. ఆ గ్రీకాయన పోయిన వందల ఏళ్ళకి గానీ మా ఏసుప్రభువు పుట్టనే లేదు!”