రంగూన్ బాపయ్య

నోటీసు చదివిన ఉదయశ్రీ కల్లం మధ్యలోనే నిలబడిపోయింది. చుట్టూ ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. చేతిలో తెల్ల కాగితం.

మీరు భారత పౌరులు కారని అభ్యంతరం వచ్చింది, సోమవారం మండలాఫీసులో విచారణకు వచ్చి రుజువులు చూపండి అని ఉంది అందులో. పేరు తాతయ్యది. బాపయ్య, డెబ్బై రెండేళ్లు.

ఓటర్ల జాబితా సవరణ జరుగుతోంది. అదను చూసి అభ్యంతరం పెట్టినవాడు పక్క చేను కోటేష్. తాతయ్య కాందిశీకుల సర్టిఫికెట్‌లో పుట్టిన ఊరు రంగూన్ అని ఉంది, వాడికి అది చాలు. పరాయి దేశస్థుడని తేలితే ఓటు పోతుంది. బర్మా కాందిశీకుడని ప్రభుత్వం ఇచ్చిన రెండెకరాలూ పోతాయి. ఆపైన మనిషిని ఎక్కడ ఉంచుతారో, ఎక్కడికి పంపుతారో చెప్పేవాడు లేడు.

"ఏం బాబాయ్, ఓడ టికెట్టు తీసుకున్నావా?" అని కోటేష్ గట్టు మీంచి అడిగాడు.

"తీసుకున్నాన్రా. నిన్ను బస్తాలో కుట్టి తీసుకుపోతా" అన్నాడు బాపయ్య.

మాట కింద పడనిచ్చే మనిషి కాదాయన. ఆయన ఓడ కథ మొదలెడితే కాయలు ఏరే ఆడవాళ్లు చేతులు ఆపేస్తారు. బర్మా నుంచి తరిమేస్తే బయల్దేరడం, అమ్మా నాన్నా దారిలోనే పోవడం, పన్నెండేళ్ల పిల్లాడు ఒక్కడే మద్రాసు రేవులో దిగడం. కళ్లకు కట్టినట్టు చెబుతాడు. బర్మా భాషలో ఒక్క ముక్క చెప్పమంటే మాత్రం, ఓడ దిగుతూ సముద్రంలో పారేశా అంటాడు.

ఈ నోటీసు సంగతికి వచ్చేసరికి ఆయనలో ఆ ఊపు లేదు.

"పోతే పోనీవే. ఒక్క ఓటేగా."

"ఓటు కాదు తాతయ్యా, నువ్వు!" అంది ఉదయశ్రీ.

ఆ పిల్ల గ్రూప్స్‌కి చదువుతోంది. పౌరసత్వం అంటే రాజ్యాంగంలో ఐదో అధికరణం నుంచి పదకొండు దాకా నిద్రలో లేపినా అప్పజెబుతుంది. బయట దేశంలో పుట్టినా ఫర్వాలేదు, తండ్రి మన పౌరుడని రుజువైతే కొడుకూ మన పౌరుడే. కావాల్సిందల్లా తాతయ్య తండ్రి తాలూకు ఒక్క కాగితం.

పాత సర్టిఫికెట్ బయటికి తీసింది. ఫొటో ఉన్నచోట చెద తినేసింది. పేరూ, తండ్రి పేరూ, ఓడ పేరూ మిగిలాయి. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, బర్మా నుంచి వచ్చిన కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

మర్నాడే ఫోన్. సింగరాయకొండ నుంచి వెంకటరావమ్మ అనే పెద్దావిడ. మాట కంటే ముందు ఏడుపు వినబడింది.

"అది మా తమ్ముడి కాగితం తల్లీ. మద్రాసు కాందిశీకుల శిబిరంలో తప్పిపోయాడు. అరవై ఏళ్లయింది. తప్పిపోతే ఎవరైనా చూసి మా దగ్గరికి చేరుస్తారని మా నాన్న ఆ కాగితం సంచిలో పెట్టి వాడి మెళ్లో కట్టాడు."

తాతయ్య అందరూ పోయారనుకుంటున్నాడు, ఇక్కడేమో అక్క బతికే ఉంది!

"పిలవనా అమ్మమ్మా? మాట్లాడతారా?"

"వద్దమ్మా. వాడితో ఫోన్లో ఏం మాట్లాడతాను? మొహం చూడాలి, అంతే. సోమవారం నేనే వస్తా."

వాళ్ల నాన్న పాస్‌పోర్టు కూడా ఉందట ఆవిడ దగ్గర. రంగూన్‌లో ఇచ్చిన భారత పాస్‌పోర్టు, లోపల పిల్లలిద్దరి పేర్లూ ఉన్నాయట. ఇంకేం కావాలి? తాతయ్యకు చెప్పలేదు ఉదయశ్రీ. ఆ మొహంలో వెలుగు అక్కడే, అందరి ముందే చూడాలనుకుంది.

సోమవారం విచారణ గదిలో కోటేష్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అధికారి ఆధార్ కార్డు పక్కకు నెట్టి, అది పౌరసత్వానికి రుజువు కాదన్నాడు. ఉదయశ్రీ తలుపు దాకా పరుగెత్తి, చేతికర్రతో వస్తున్న ముసలావిణ్ణి లోపలికి తీసుకొచ్చింది.

"తాతయ్యా, ఎవరొచ్చారో చూడు. మీ అక్క."

బాపయ్య భుజం మీది తువ్వాలు జారి కింద పడింది. ఆవిణ్ణి చూశాడు, అధికారిని చూశాడు, కోటేష్‌ను చూశాడు.

"అక్కా" అన్నాడు.

చాచిన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి వెంకటరావమ్మకు.

"ఇంకోసారి అను నాయనా" అంది చివరికి.

"అక్కా."

గుమస్తా కళ్లు తుడుచుకున్నాడు. అధికారి పాస్‌పోర్టులో పేర్లూ, సర్టిఫికెట్‌లో పేర్లూ పక్కపక్కన పెట్టి చూసి, ఈయన మీ తమ్ముడేనా అని అడిగాడు. ఆవిడ బాపయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వీడే" అంది. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

అభ్యంతరం కొట్టేశారు. కోటేష్ ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. గొంతు ఎండిపోతోంది, సోడా పట్రమ్మా అని ఉదయశ్రీని పంపింది వెంకటరావమ్మ.

ఆ పిల్ల రెండు సోడాలు పట్టుకుని గాల్లో తేలుతూ వచ్చింది. వరండా బల్ల మీద ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఆవిడ ఆ చెయ్యి ఇంకా వదల్లేదు. తాతయ్య తల వంచుకుని ఉన్నాడు. ఉదయశ్రీ వెనకనుంచి దగ్గరికి వెళ్లింది.

"నీకు కావాల్సిన సంతకం పెట్టాను, ఇక నువ్వు చెప్పు నాయనా," అంటోంది వెంకటరావమ్మ నెమ్మదిగా, "పుట్టుమూగ మా తమ్ముడు, వాడి మెళ్లో కాగితం తెంపుకుని వాణ్ణి ఎక్కడ వదిలేశావు?"