అక్షరాల దొంగ

కంప్యూటర్ కొట్టులో స్టూలు మీద కూర్చునే పెద్దాయన మంచివాడు కాదట. పాత కంప్యూటర్లు విప్పి, లోపలి సరుకు చల్లగా నొక్కేస్తాడట. ఎదురింటావిడ అన్నదని తోడికోడలు ఈ కబురు మోసుకొచ్చేసరికి టైపక్క ఆ కొట్టుకే బయల్దేరి గుమ్మం దాటుతోంది.

"నేను కొనేది కొత్తది. నా దగ్గర ఆయన నొక్కేసేదేముందే?" అని నవ్వేసింది.

కానీ ఉంది. ఆమె పాత కంప్యూటర్లో మాస్టారి పుస్తకం ఉంది.

చూపు పోయిన మాస్టారు ఆరేళ్లపాటు రోజూ వచ్చి చెబుతుంటే ఆమె టైపు కొట్టిన నాలుగు వందల పేజీలు. కాగితం మీద ఒక్క ముక్క లేదు. మాస్టారు పోయి ఏడాదైంది. కంప్యూటరేమో ఒకసారి నొక్కితే మూలుగుతోంది, రెండోసారి నొక్కితే అలుగుతోంది. అది పూర్తిగా కన్ను మూసేలోగా పుస్తకాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించాలి.

"ఇది చూడక్కా, ఎంత పలచనో! ఒంటిచేత్తో ఎత్తొచ్చు," అన్నాడు కొట్టు యజమాని.

"ఎత్తడానికి నేనేమన్నా కుస్తీ పోటీకి వెళ్తున్నానా? కీలు మెత్తగా ఉన్నాయా లేదా, అది చెప్పు."

అలవాటుకొద్దీ తెర వంక చూడకుండానే ఒక తెలుగు మాట కొట్టింది. తెర మీద అర్థం పర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి.

"మాస్టారు అని కొట్టారు," అన్నాడు స్టూలు మీది పెద్దాయన, ఆమె వేళ్లనే చూస్తూ. "అంతేనామ్మా?"

టైపక్క ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పాతదాన్ని అప్పుడే వదిలించుకోకండమ్మా. మీ రాతలు దీంట్లో తిన్నగా తెరుచుకోవు. ఓసారి ఇంటికొచ్చి చూస్తాను."

"ఆయన మాటలకేంలే అక్కా! పాతది నాకిచ్చెయ్, అందులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి నేనెక్కిస్తా," అన్నాడు యజమాని.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన వచ్చాడు. పాత కంప్యూటర్ ముందు కూర్చుని చాలాసేపు ఏమీ ముట్టుకోలేదు. తెర మీద 'ళ' కనబడితే దాని మెలికల వెంట వేలు పోనిచ్చాడు.

"దీని తోక కాస్త ఎక్కువైంది," అని తనలో తాను గొణుక్కున్నాడు.

మనిషికి కొంచెం తిక్క ఉన్నట్టుంది అనుకుంది టైపక్క. ఇంతలో ఆమెకు ఫోనొచ్చింది. మాటల మధ్యలో ఆయన ఏదో అడిగాడు. ఆమె "ఊఁ, ఊఁ" అంది.

ఫోను పెట్టేసి తిరిగి చూసేసరికి ఆయన పెన్‌డ్రైవు ఊడదీసి జేబులో వేసుకుంటున్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక గానీ ఎదురింటావిడ మాట గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాక కాలు నిలవలేదు. వెనకాలే కొట్టుకు పరుగెత్తింది.

"పెద్ద మనిషని ఇంట్లోకి రానిస్తే ఇదా మీరు చేసే పని? మాస్టారి పుస్తకం కాజేస్తారా?"

"అందులో పుస్తకం లేదమ్మా. మిమ్మల్ని అడిగే తీసుకున్నాను. మీరు ఊఁ అన్నారు."

"పుస్తకం కాకపోతే మరేం తీసుకున్నారు?"

"అక్షరాలు."

యజమాని పగలబడి నవ్వాడు. "విన్నావా అక్కా! బియ్యంలో రాళ్లేరినట్టు అక్షరాలు ఏరుకొచ్చాడట!"

పెద్దాయన జేబులోంచి పెన్‌డ్రైవు తానే లాగి, కంప్యూటర్‌కి తగిలించాడు.

"ఏముందో తెరిచి చూద్దామా అక్కా?" అన్నాడు యజమాని.

"చూసేదేముంది? తుడిచెయ్!" అంది టైపక్క.

వాడు తుడిచేశాడు. ఖాళీ అయిన తెర వంక పెద్దాయన ఒక్క క్షణం చూశాడు. చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, కొట్టు దిగి వెళ్లిపోయాడు. "పీడా పోయింది," అన్నాడు యజమాని.

ఆ సాయంత్రమే పాతది కొట్టుకు వెళ్లింది. రెండు రోజులకు కొత్తది ఇంటికొచ్చింది. టైపక్క కుర్చీ లాక్కుని పుస్తకం తెరిచింది.

మొదటి పేజీ నిండా చుక్కలు, కొక్కేలు, సున్నాలు. పదో పేజీ అంతే. నాలుగు వందలవ పేజీ అంతే. మాస్టారు చెప్పిన మాట ఒక్కటీ లేదు.

లాప్‌టాప్ చంకనబెట్టుకుని కొట్టుకొచ్చి పడింది.

"పుస్తకం ఎక్కడికీ పోలేదక్కా. దాన్ని చూపించే ఫాంటు, ఆ అక్షరాల అచ్చే లేదు. అది నీ పాతదాంట్లో ఉండేది. ఇప్పుడెవరి దగ్గరా దొరకదు."

"అయితే పాతది తే!"

"నిన్ననే తుడిచేసి అమ్మేశా."

"ఉన్నదంతా ఎక్కిస్తానన్నావు కదరా!"

"పుస్తకం ఎక్కించాగా? అక్షరాలు కూడా కావాలని నువ్వు చెప్పలేదుగా!"

తమ్ముడిలాంటివాడని ఇన్నాళ్లూ వాడి మాట నమ్మింది. లాప్‌టాప్ మళ్లీ చంకనబెట్టుకుని కొట్టు దిగింది. వాడన్న ఆఖరి మాటే చెవిలో తిరుగుతోంది. అక్షరాలు.

ఆరా తీస్తూ పెద్దాయన ఉండే గదికి వెళ్లింది. ఆయన బట్టలు మడిచి సంచిలో సర్దుకుంటున్నాడు. కూర్చోమనలేదు.

"పెద్దాయనా, తప్పు నాదే. మీరు తీసుకున్న ఆ అక్షరాలు ఇంకెక్కడన్నా దాచారా? ఒక్క కాపీ ఉన్నా చాలు, మాస్టారి పుస్తకం బతుకుతుంది."

ఆయన తలెత్తకుండానే సంచి తాడు బిగించాడు.

"ఉంటే మీ గుమ్మం ఎందుకెక్కుతానమ్మా? ఆ అక్షరాలు తయారుచేసిన మా కంపెనీ మూతపడ్డ రోజు నుంచి ఊరూరా వెతుకుతుంటే, మీ ఒక్క కంప్యూటర్లోనే కనబడ్డాయి. వాటిని గీసింది నేనే."