తమ్ముడికి నోటీసు

కోర్టు స్టే పట్టుకుని స్టైలుగా పార్టీ ఆఫీసులోకొచ్చిన ఎమ్మెల్యే, ఆ కాగితాన్ని అధ్యక్షురాలి బల్లమీద పరిచాడు. అతన్ని పార్టీలోంచి గెంటేసిన ఆవిడ సొంత అక్కే.

"చదువక్కా! సంజాయిషీ అడగకుండా గెంటేయడం చెల్లదట. ఒక్క నోటీసైనా ఇచ్చావా?"

"తమ్ముడికి నోటీసేమిట్రా? సభలో మనవాళ్లకే వ్యతిరేకంగా ఓటేశావు. ఇంటికొచ్చి ఎందుకో చెబుతావని వారంపాటు ఎదురు చూశాను."

ఆ వారంలోనే ఓ సాయంత్రం అక్క గుమ్మందాకా వెళ్లి, మొహం చెల్లక తిరిగొచ్చాడతను. ఆ మాట ఇప్పుడూ నోరు దాటలేదు.

కాగితం అందినట్టు సంతకం చేసి, ఆవిడ కుర్చీ చూపించింది.

"కూర్చోండి. ఇకమీదట ఏదైనా నోటీసిచ్చే అడుగుతాను."

"అండీ ఏంటక్కా? 'ఏరా' అని పిలువు."

"కోర్టు ఆ మాట రాయలేదండీ," అంది అక్క, తలెత్తకుండానే.