చక్రం మంచిది

హారతి పళ్లెం కారు చుట్టూ తిరుగుతుండగా ఎవరో గట్టిగా తుమ్మారు.

పూజారి చెయ్యి ఆగిపోయింది. నిర్మాత తిరుమలేశ్ గిర్రున వెనక్కి తిరిగాడు.

ఫిల్మ్‌నగర్ గుడి ముందు, సినిమా ముహూర్తం వేళ తుమ్మడం కంటే పెద్ద నేరం ఇంకోటి లేదు.

తుమ్మింది ఓ పెద్దావిడ. అరవై దాటిన మనిషి. నేత చీర, కురచ జుట్టు, భుజాన గుడ్డసంచి. యూనిట్‌లో ఎవరూ ఆమెను ఎరగరు. దర్శనానికి వచ్చి, కారును చూసి ఆగిపోయినట్టుంది.

"సాంబ్రాణి పొగండీ," అందామె నవ్వుతూ.

"జర దూరం జరుగమ్మా! కారుకు ఎదురుంగ నిలబడకు," అన్నాడు తిరుమలేశ్.

ఆ తెల్ల అంబాసిడర్ అంటే అతనికి ప్రాణం. నలభై ఏళ్ల కిందట కౌసల్య హీరోయిన్‌గా వచ్చిన మూడు సినిమాల్లో, ఆ కారు నడుపుకుంటూనే ఆమె తెర మీద కనిపించేది. మూడూ వరసగా హిట్టు. మనుషులకైతే కాలు మంచిదంటారు. ఈ కారుకు చక్రం మంచిదని తిరుమలేశ్ నమ్మకం. వెతికి వెతికి కొన్నాడు. ఇప్పుడు తన కొత్త సినిమా మొదటి షాట్‌లో ఆ చక్రాలు నిమ్మకాయలు తొక్కుకుంటూ ముందుకు రావాలి. అతని కోరికల్లా అదే.

డ్రైవర్ తాళం తిప్పాడు. కారు టక్కుమని ఊరుకుంది.

మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ టక్కు కూడా లేదు.

పొద్దున్నుంచీ ఫొటోల కోసం లైట్లు వేసి ఉంచితే బ్యాటరీ మాత్రం ఏం చేస్తుంది పాపం!

"ముహూర్తం దాటితే ఈ సినిమా లేదు చిన్మయీ. నా సంగతి నీకెరుకే," అన్నాడు తిరుమలేశ్.

దర్శకురాలు చిన్మయికి ఇదే మొదటి సినిమా. కథ చంకన పెట్టుకుని జూబ్లీహిల్స్‌లో ఆమె ఎక్కని గడప లేదు. ఏడుపొక్కటే తక్కువ ఆమెకు.

"నలుగురం కలిసి నెడదాం సార్."

"గుడి ముందర నూకుడా? రేపు సినిమాను గూడ గిట్లనే నూకాలె!"

"నెట్టక్కర్లేదండీ," అంది పెద్దావిడ ముందుకొస్తూ. "డిక్కీలో జాకీ పక్కన వంకర తిరిగిన ఇనప కడ్డీ ఉంటుంది. తీయించండి."

డ్రైవర్ దిగి డిక్కీ తీస్తే నిజంగానే ఉంది.

ఆమె కారు ముందు కూర్చుని పూలదండ పక్కకు జరిపింది. బంపర్ మధ్యలో గుండ్రటి చిల్లు.

"ఇది దండ కట్టుకోవడానికి పెట్టింది కాదు," అంది. "కడ్డీ ఇందులోంచి పోయి ఇంజన్‌కి తగులుకుంటుంది. అమ్మాయ్, నువ్వు తిప్పు. బొటనవేలు మాత్రం చుట్టకు. ఎదురు తన్నిందంటే విరుగుతుంది. లోపల చోక్ నేను చూసుకుంటాను."

అడక్కుండానే ఎక్కి స్టీరింగ్ ముందు కూర్చుంది.

"తుమ్మిన మనిషిని ఎక్కిస్తరా ఎవరన్న?" తిరుమలేశ్ గొంతు లేచింది.

"ఒక్క తుమ్ముకే ఆగిపోయే కారైతే మీకెందుకండీ, అమ్మేయండి!"

చిన్మయి కొంగు దోపుకుని బలమంతా పెట్టి తిప్పింది. కారు దగ్గింది, వణికింది, అందుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ముహూర్తం ఇంకా దాటలేదు. చిన్మయి పరుగున కెమెరా దగ్గరికి వెళ్లింది.

"రండమ్మా, ముందుకు రండి!"

కారు కదిలింది. పెద్దావిడ ఒక చేత్తో స్టీరింగ్ పట్టి, రెండో చేత్తో తలుపు మూలనున్న చిన్న మూడుమూలల అద్దం ఓరగా తెరిచింది. గాలి నేరుగా ఆమె మొహానికే కొట్టింది. నెరిసిన జుట్టు ఎగిరింది. నిమ్మకాయలు చితికాయి. మానిటర్‌లో చూస్తున్న చిన్మయి రెప్ప వేయలేదు.

"ఆ అద్దం అంతే తెరవాలి అమ్మాయ్. క్లోజప్‌కి ఫ్యాన్ అక్కర్లేదు," అంది పెద్దావిడ దిగుతూ. "ఎడమకాలి దగ్గర నేల మీద బొత్తాం చూశావా? హెడ్‌లైట్లు దాంతోనే పైకీ కిందికీ మారతాయి. మీ హీరోయిన్ చేతులు స్టీరింగ్ మీదే ఉంచి హీరోకి కన్నుకొట్టొచ్చు."

చిన్మయి పకపకా నవ్వింది. "సార్, ఈవిణ్ణి షూటింగ్‌కి పిలుద్దాం. మన హీరోయిన్‌కి నేర్పిస్తారు."

"అవసరం లేదు. కారు షురూ అయింది గదా. ప్రసాదం తీస్కొని పోమ్మా."

పెద్దావిడ చిన్నబుచ్చుకోలేదు. బానెట్ మీద ఒకసారి అరచెయ్యి ఆన్చి, పులిహోర పొట్లం సంచిలో వేసుకుని, ఆటో ఎక్కింది.

ఆటో కదలగానే తిరుమలేశ్ అన్నాడు. "ఆ షాట్ తీసెయ్యి. మన డ్రైవర్‌తోని మళ్ల తియ్యి."

"చాలా బాగా వచ్చింది సార్!"

"మొదటి షాట్ల తుమ్మిన మనిషి ఉంటదా? నా కండ్ల ముందల తీసెయ్యి."

కారు కదిలించిన మనిషి పేరైనా అడగలేదని చిన్మయికి సిగ్గేసింది. కానీ సినిమా నిలబడాలి. కళ్లు మూసుకుని షాట్ చెరిపేసింది. ముహూర్తం దాటేలోపే డ్రైవర్ ఎక్కి, కారును ఇంకోసారి కొత్త నిమ్మకాయల మీద నడిపించాడు.

అప్పుడు వచ్చింది కౌసల్య, శ్రీనగర్ కాలనీ నుంచి, యూనిట్‌ని ఆశీర్వదించడానికి. తిరుమలేశ్ ఎదురెళ్లి కాళ్లకు దండం పెట్టాడు.

"మీ కారు చూడుండ్రమ్మా. మూడు హిట్ల కారు!"

"చూస్తున్నాను బాబూ. జగదాంబని కూడా పిలిచారు, మంచి పని చేశారు. దారిలో ఆటోలోంచి చెయ్యూపింది. అప్పుడే పంపేశారేం?"

"ఏ జగదాంబ అమ్మా?"

కౌసల్య వింతగా చూసింది.

"అదేమిటయ్యా! నాకు ఈ రోజుకీ డ్రైవింగ్ రాదు. ఆ మూడు సినిమాల్లోనూ నా చీర కట్టుకుని ఈ కారు నడిపింది ఆవిడేగా!"